వేషంలో తిట్టు వేరు, వేషం తీశాక తిట్టు వేరు: పాత పోస్టులు రెజ్లర్ల కెరీర్‌ను ఎందుకు ముంచుతాయి

తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషమో బండ వేషమో కట్టినవాళ్లు ఎదురొచ్చినవాళ్లను బూతులు తిడతారు. తిట్లు తిన్నవాళ్లు నవ్వుకుంటూ పోతారు. అమ్మవారి మొక్కులో అదీ ఒక భాగం. అదే మనిషి వారం తర్వాత ఒంటికి పూసుకున్న సుద్ద, కుంకుమ కడుక్కుని, చొక్కా తొడుక్కుని గాంధీరోడ్డులో అదే మాట అంటే మాత్రం చెంప పగులుతుంది. మాట అదే, నోరూ అదే. లేనిది వేషం ఒక్కటే.

ప్రొఫెషనల్ రెజ్లింగ్ వ్యాపారమంతా ఈ గీత మీదే నడుస్తుంది. ఏళ్ల కిందటి పోస్టులు బయటపడి ఫలానా రెజ్లర్ మీద కంపెనీ చర్య తీసుకుందన్న వార్త వచ్చినప్పుడల్లా మన దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. ‘రింగులో అన్నేసి మాటలంటారు గదప్పా, ఫోన్లో అంటేనే తప్పా?’ అనేది ఒకటి. ‘అదంతా ముందే రాసిపెట్టుకున్న కుస్తీ, వాడి పోస్టుతో ఎవరికేం పని?’ అనేది రెండోది. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. జవాబు తెలియాలంటే ముందు ఈ వృత్తి ఎలా నడుస్తుందో తెలియాలి.

మన కుస్తీలో గెలుపు, అక్కడ బుకింగ్

ఒలింపిక్స్‌లో ఆడే కుస్తీలో పాయింట్లుంటాయి. ట్రయల్స్‌లో గెలిచినవాడిని నచ్చినా నచ్చకపోయినా జట్టులోకి తీసుకోవాల్సిందే. డబ్ల్యూడబ్ల్యూఈ, ఏఈడబ్ల్యూ లాంటి సంస్థలు నడిపే ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే నిర్ణయిస్తారు. ఆ నిర్ణయాన్నే బుకింగ్ అంటారు. ఒకరిని పైకి తీసుకురావాలని వరుసగా గెలిపించడం, మైకు ఇవ్వడం, పోస్టర్ల మీద బొమ్మ వేయడం, ఇదంతా కలిపి పుష్. మంచివాడి పాత్ర బేబీఫేస్, చెడ్డవాడి పాత్ర హీల్. రింగులో జరిగేదంతా నిజమే అన్నట్టు బయటా ప్రవర్తించే పాత కట్టుబాటు పేరు కేఫేబ్.

హీల్ అంటే చిత్తూరు జిల్లావాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ధర్మరాజుల గుడి తిరునాళ్లలో, భారతం చివరి రోజు దుర్యోధనుడి వేషం కట్టినవాడు ఊరందరి చేతా తిట్టించుకుంటాడు. ఎంత తిట్టించుకుంటే అంత బాగా ఆడినట్టు. మర్నాడు పొద్దున టీ అంగట్లో అతనికీ గ్లాసు అందుతుంది.

ఈ తేడా వల్లే పాత పోస్టు రెజ్లర్‌కు అంత గట్టిగా తగులుతుంది. స్టాప్‌వాచీ, స్కోరుబోర్డు క్రీడాకారుడి పక్షాన సాక్ష్యం చెబుతాయి. ప్రొఫెషనల్ రెజ్లర్‌కు అలాంటి సాక్ష్యం లేదు. అతను ఎదగాలంటే ఒక గదిలో కూర్చున్న కొద్దిమందికి నమ్మకం కలగాలి. ఆ నమ్మకం సడలితే అతన్ని తొలగించాల్సిన పని కూడా లేదు. బుక్ చేయడం మానేస్తే చాలు. కాంట్రాక్టు ఉంటుంది, మనిషి తెర మీద కనబడడు.

కాంట్రాక్టులో భూతకాలం

అమెరికాలో పెద్ద సంస్థల రెజ్లర్లలో ఎక్కువమంది చట్టం దృష్టిలో ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. వాళ్ల తరఫున మాట్లాడే యూనియన్ లేదు. కాబట్టి వివాదం వచ్చినప్పుడు తేల్చేది కాగితం మీది మాటే.

ఆ కాగితంలో సాధారణంగా ఒక నైతిక నిబంధన ఉంటుంది. రెజ్లర్ ప్రజల్లో ఏవగింపు, అపకీర్తి, నవ్వులాట తెచ్చే పని చేస్తే సంస్థ సస్పెండ్ చేయవచ్చు, లేదా కాంట్రాక్టు రద్దు చేయవచ్చు అన్నది దాని సారం. అసలు కిటుకు క్రియాపదంలో ఉంది. ఇకపై చేస్తే అని మాత్రమే కాకుండా ‘ఇప్పటికే చేసి ఉన్నా’ అని కూడా రాస్తారు. అంటే సంతకం పెట్టకముందు, ఇంటర్మీడియట్‌లో ఉన్నప్పుడు రాసిన వ్యాఖ్య కూడా ఆ వాక్యం కిందికి వస్తుంది.

శిక్షలు మెట్లు మెట్లుగా ఉంటాయి. క్షమాపణ, తోటివారితో ఎలా మెలగాలో చెప్పే శిక్షణ, జరిమానా, తెరకు దూరం, జీతం లేని సస్పెన్షన్, చివరికి రద్దు. రద్దయ్యాక కూడా వెంటనే వేరే సంస్థలో చేరడానికి వీల్లేదు. డబ్ల్యూడబ్ల్యూఈ ప్రధాన జట్టులోనివాళ్లకు మామూలుగా 90 రోజులు, శిక్షణ స్థాయి అయిన ఎన్ఎక్స్‌టీలోనివాళ్లకు 30 రోజులు ఆగాలి.

ఏ మెట్టు మీద ఎవరిని నిలబెట్టాలన్నది మాత్రం కాగితంలో ఉండదు. అక్కడే తికమక మొదలవుతుంది.

ఒకే రకం తప్పుకు వేర్వేరు తీర్పులు

జహ్రా ష్రైబర్ సంగతి చూడండి. 2015 సెప్టెంబర్‌లో ఆమె ఎన్ఎక్స్‌టీలో ఉంది. నాజీ గుర్తులున్న ఆమె పాత ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు బయటికొచ్చాయి. అనుచిత వ్యాఖ్యలు తమ దృష్టికి వచ్చాయని చెప్పి సంస్థ కాంట్రాక్టు రద్దు చేసింది. జరిమానా, శిక్షణ అన్న మాటలే లేవు.

అదే సంస్థ, నాలుగేళ్ల తర్వాత, లార్స్ సల్లివాన్. భారీ మనిషి, రాక్షస పాత్ర. 2019 ఏప్రిల్‌లో, సంస్థ ఏటా జరిపే అతిపెద్ద ప్రదర్శన రెజిల్‌మేనియా మర్నాడు, ప్రధాన జట్టులో అడుగుపెట్టాడు. మే నెలకల్లా ఒక బాడీబిల్డింగ్ ఫోరంలో 2007 నుంచి 2013 మధ్య అతను రాసిన జాతివివక్ష, స్త్రీద్వేష వ్యాఖ్యలు గుట్టలుగా బయటపడ్డాయి. ఒకటీ రెండూ కాదు, ఏళ్ల తరబడి రాసినవి. శిక్ష 1,00,000 డాలర్ల జరిమానా, శిక్షణ. కాంట్రాక్టు మాత్రం నిలిచింది.

వ్యాఖ్యల బరువును బట్టి ఈ తేడా రాలేదు. నా లెక్కలో ఇది పెట్టుబడి లెక్క. ఒకరు ఇంకా శిక్షణ స్థాయిలోనే ఉన్న రెజ్లర్. మరొకరు అప్పుడే మొదలైన పుష్ మధ్యలో ఉన్న, కంపెనీ ఏళ్ల తరబడి తయారుచేసుకున్న సరుకు. అయినా సల్లివాన్ కథ సుఖాంతం కాలేదు. జూన్‌లో మోకాలి గాయం, ఏడాదికి పైగా విరామం, 2020 అక్టోబర్‌లో తిరిగి రాక, 2021 తొలినాళ్లకల్లా నిష్క్రమణ. గాయం ఎంత కారణం, పోస్టులు ఎంత కారణం అని కొలిచే తక్కెడ లేదు. తోటి రెజ్లర్లలో కొందరు బహిరంగంగానే అసంతృప్తి చెప్పారన్నది మాత్రం రికార్డులో ఉంది.

ఇక ఏఈడబ్ల్యూలో శామీ గెవారా. 2016లో ఒక పాడ్‌కాస్ట్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ మహిళా రెజ్లర్ సాషా బ్యాంక్స్ గురించి అతను అన్న అత్యాచారపు ‘జోకు’ 2020 జూన్‌లో బయటపడింది. జీతం లేని సస్పెన్షన్ వేసి, ఆ డబ్బును ఒక మహిళా సహాయ కేంద్రానికి ఇచ్చారు, శిక్షణకు పంపారు. గెవారా ఆమెతో నేరుగా మాట్లాడి క్షమాపణ చెప్పాడు. ఇద్దరం మాట్లాడుకున్నామని ఆమె కూడా చెప్పింది. అతను జులైలోనే తిరిగొచ్చాడు. 2021 సెప్టెంబర్‌లో ఆ సంస్థ టైటిళ్లలో ఒకటైన టీఎన్‌టీ చాంపియన్‌షిప్ కూడా అందుకున్నాడు.

ఈ మూడో కేసులో మిగతా రెంటిలో లేనిది ఒకటుంది. మాట ఒక ఫలానా మనిషిని తాకింది, క్షమాపణ ఆ మనిషికే చేరింది. సల్లివాన్ వ్యాఖ్యలు సమూహాల మీద. ‘మీ అందరి తరఫున సరే, పోనీలే’ అనే అధికారం ఏ ఒక్కరికీ ఉండదు. అందుకే అలాంటి క్షమాపణ ఎంత బాగా రాసినా గాల్లో వేలాడుతూ ఉంటుంది.

వేషమే ముంచిన మనిషి

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే కేసు ఒకటుంది. మహమ్మద్ హసన్ అన్న పాత్ర వేసిన మార్క్ కొపానీ ఇటాలియన్ మూలాలున్న అమెరికన్. సంస్థ అతనికి ఇచ్చింది కోపంతో రగిలే అరబ్ అమెరికన్ వేషం. 2005 జులైలో ముసుగు మనుషులు వచ్చి ప్రత్యర్థి మీద దాడి చేసే సన్నివేశం ఒకటి చిత్రీకరించారు. అది అమెరికాలో ప్రసారమైంది జులై 7న, లండన్ బాంబు పేలుళ్లు జరిగిన రోజున. టీవీ చానల్ ఆ పాత్ర వద్దంది. నెల తిరక్కుండానే పాత్ర ముగిసింది, సెప్టెంబర్‌కల్లా అతని కాంట్రాక్టూ ముగిసింది.

కొపానీ పోస్టు పెట్టలేదు, సన్నివేశం అతను రాయలేదు. వేషం కట్టమన్నారు, కట్టాడు. ‘పాత్ర వేరు, మనిషి వేరు’ అన్న సూత్రం మనిషిని ఎప్పుడూ కాపాడుతుందని అనుకునేవాళ్లు ఈ కేసు ఒకసారి గుర్తుచేసుకోవాలి. ప్రకటనలిచ్చేవాడు, ప్రసారం చేసేవాడు ఆ గీతను చూడాలనుకుంటేనే అది ఉంటుంది.

పోస్టు దొరికేది ఎప్పుడు, ఎలా

పాత పోస్టులు ఎక్కువగా పుష్ మొదలయ్యాకే బయటపడతాయి. ఎవరో కుట్రతో తొక్కిపెట్టి సమయం చూసి వదులుతారని అభిమానులు అంటారు. కొన్నిసార్లు నిజం కావచ్చు. కానీ కుట్ర అవసరం లేకుండానే అలా జరుగుతుంది. పేరు వినబడనివాడి ఖాతాను వెతికేవాడుండడు, అంతే. క్రికెట్‌లో ఇంగ్లండ్ బౌలర్ ఒలీ రాబిన్సన్‌కు 2021 జూన్‌లో జరిగిందీ ఇదే. 18, 19 ఏళ్ల వయసులో, అంటే 2012-13లో పెట్టిన ట్వీట్లు లార్డ్స్‌లో అతను తొలి టెస్టు ఆడిన మొదటి రోజే బయటికొచ్చాయి. విచారణలో 8 మ్యాచ్‌ల నిషేధం పడింది, అందులో 5 మ్యాచ్‌లను రెండేళ్ల పాటు నిలిపి ఉంచారు. 3,200 పౌండ్ల జరిమానా అదనం. అతను తర్వాత మళ్లీ ఇంగ్లండ్‌కు ఆడాడు. వికెట్లు లెక్కపెట్టే ఆటలో ఆ వెసులుబాటు ఉంటుంది.

వెతకడానికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు. ఎక్స్ (పాత ట్విటర్)లో సెర్చ్ పెట్టెలో యూజర్‌నేమ్‌తో పాటు ‘ఫలానా తేదీకి ముందు’ అన్న షరతు, ఒక తిట్టుమాట ఇస్తే చాలు, పదేళ్ల చెత్త నిమిషంలో పైకి తేలుతుంది. ఖాతా పేరు మార్చుకున్నా పాత పోస్టులకు ఇతరులిచ్చిన జవాబుల్లో పాత పేరు అలాగే ఉండిపోతుంది. పాత ఫోరం ఖాతాలు పట్టుబడేది ఇంకో దారిలో. బాల్యంలో ఎంచుకున్న ముద్దుపేరునే ఈమెయిల్‌కు, గేముకు, ఫోరానికి వాడి ఉంటారు. ఒక ఫొటో రెండు చోట్లా కనబడితే గొలుసు కలిసిపోతుంది.

తీసేస్తే పోతుందా అంటే, గొడవకు ముందు తీసేస్తే చాలావరకు పోతుంది. గొడవ మొదలయ్యాక తీసేస్తే స్క్రీన్‌షాట్ పక్కన ‘ఇప్పుడు కనబడడం లేదు’ అన్న వాక్యం కూడా చేరుతుంది. రెండోది నేరం ఒప్పుకున్నట్టు కనబడుతుంది. ‘ఖాతా హ్యాక్ అయింది’ అన్న జవాబు ఇంకా చేటు. ఒక రాత్రి పడిన పోస్టుకైతే నమ్మొచ్చు, ఆరేళ్ల పాటు రాసినవాటికి ఎవరు నమ్ముతారు?

చంద్రగిరి కుర్రాడి మూడు పోస్టులు

ఇదంతా అమెరికా గోల అనిపిస్తే ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. చంద్రగిరిలో పుట్టిన ఒక కుర్రాడు, పొడుగు ఆరడుగుల నాలుగంగుళాలు. తిరుపతిలో జిమ్ముకు పోతాడు, జలంధర్‌లో గ్రేట్ ఖలీ నడిపే అకాడమీలో శిక్షణ తీసుకున్నాడు. ఇప్పుడు ఒక విదేశీ సంస్థ ట్రయౌట్‌కు, అంటే ఎంపిక పరీక్షకు, పిలిచింది. 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శన జరిగాక ఇలాంటి కలలు మన దగ్గర వింతేమీ కాదు. అతని ఖాతాలో మూడు పోస్టులున్నాయి.

మొదటిది, మ్యాచ్ చూస్తూ రాసిన ‘నీయబ్బ, ఏం కొట్నాడ్రా!’ చిత్తూరు జిల్లాలో స్నేహితుల మధ్య ఈ మాట తిట్టు కాదు, దాదాపు కామా గుర్తు. కానీ ట్రయౌట్‌కు ముందు ఖాతాను జల్లెడ పట్టేవాడు తెలుగువాడు కాడు, మిషన్ అనువాదం చదువుతాడు. అందులో ఎవరి తండ్రినో తిట్టినట్టు కనబడవచ్చు. వివరిస్తే తీరిపోయే గొడవ ఇది.

రెండోది పందొమ్మిదేళ్ల వయసులో, హీరోల అభిమానుల కొట్లాటలో, అవతలివాడిని ఒక దళిత కులం పేరుతో తిట్టిన కామెంటు. ఇది మాత్రం వివరిస్తే తీరదు. తిట్టు తిన్న వ్యక్తి షెడ్యూల్డ్ కులానికి చెందినవాడై, తిట్టినవాడు ఎస్సీ గానీ ఎస్టీ గానీ కాకపోతే, పదిమందికీ కనబడే చోట అన్న మాట అట్రాసిటీ చట్టంలోని 3వ సెక్షన్ కిందికి రావచ్చు. శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్ల వరకు. మూడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు మూడేళ్లలోపే కోర్టు కేసు చేపట్టాలన్న గడువు చట్టంలో ఉంది గానీ, ఇక్కడ గరిష్ఠ శిక్ష 5 ఏళ్లు కాబట్టి ఆ గడువు వర్తించదు. ముందస్తు బెయిలుకూ ఈ చట్టంలో అడ్డంకి ఉంది. సరదాకు అన్నామంటే సరిపోదని యువరాజ్ సింగ్ ఉదంతం చూపింది. 2020 ఏప్రిల్‌లో ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లో అతను అన్న ఒక కులం మాటకు జూన్‌లో విచారం తెలిపాడు. అయినా 2021 ఫిబ్రవరిలో హర్యానాలో ఎఫ్ఐఆర్ నమోదైంది.

మూడోది హీల్ వేషంలో, పాత్ర పేరుతో తీసిన రీల్. అందులో ఒక మతాన్ని ఎగతాళి చేశాడు. తిరుపతి లాంటి ఊళ్లో దీని వేడి చెప్పక్కర్లేదు. మత భావాలను కించపరచడం 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్, అంతకు ముందు పెట్టిన పోస్టులకైతే పాత శిక్షాస్మృతిలోని 295ఎ. రెంటిలోనూ గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో చేశాడని నిరూపించాలి. కోర్టు కేసు చేపట్టడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఇక్కడ మన రాయలసీమ ఉదాహరణే ఉంది. 2013లో ఒక వ్యాపార పత్రిక ముఖచిత్రం మీద ధోనీని విష్ణువు రూపంలో చూపించినందుకు అనంతపురం కోర్టులో 295ఎ కింద ఫిర్యాదు దాఖలైంది, వారెంట్ దాకా వెళ్లింది. దురుద్దేశం లేదంటూ సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది 2017 ఏప్రిల్‌లో. అంటే న్యాయం ధోనీ వైపే ఉన్నా నాలుగేళ్లు పట్టింది. ధోనీకి నాలుగేళ్లు భరించే స్థోమత ఉంది. 24 ఏళ్ల ట్రయౌట్ కుర్రాడికి నాలుగేళ్లంటే కెరీర్‌లో సగం.

చట్టం దాటాక వీసా. అమెరికా వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు 2019 నుంచి అడుగుతున్నారు. ఇబ్బందికరమైన ఖాతాను రాయకుండా దాచడం ఆ ఖాతాలోని పోస్టు కన్నా పెద్ద తప్పు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే శాశ్వతంగా ప్రవేశం పోయే ప్రమాదముంది.

మూడు పోస్టుల్లో చూడ్డానికి అన్నిటికన్నా అల్లరిగా ఉండేది మూడోది. కెరీర్‌కు అన్నిటికన్నా ప్రమాదం రెండోది. వేషం లేకుండా, సొంత పేరుతో, కోపంలో, ఒక మనిషిని పుట్టుకను బట్టి అన్న మాట అది.

క్షమించాలా, వద్దా: ఇరువైపులా ఉన్న బలం

క్షమించాలనేవాళ్ల వాదన తేలికైనది కాదు. పద్దెనిమిదేళ్ల వయసులో ఊరి రచ్చబండ మీద మన ముందు తరాలు అన్న మాటలు గాలిలో కలిసిపోయాయి. ఈ తరం మాటలు సర్వర్లలో పడి ఉన్నాయి. పైగా నీతులు చెప్పే సంస్థలే దశాబ్దాల పాటు జాతుల మీద, దేశాల మీద వెకిలి పాత్రలు రాసి టికెట్లు అమ్ముకున్నాయి. హసన్ పాత్ర రాసింది ఒక రెజ్లర్ కాదు, కార్యాలయం.

వద్దనేవాళ్ల వాదనలో మామూలుగా వినబడే మాట స్పాన్సర్లు. పిల్లల బొమ్మలు అమ్మే కంపెనీ, ప్రసార హక్కులు కొన్న వేదిక, ఇవి మరకను భరించవు. నిజమే గానీ, రెజ్లింగ్‌కే ప్రత్యేకమైన కారణం ఇంకొకటుంది. అది తక్కువగా వినబడుతుంది. ఈ పనిలో ప్రతి రాత్రీ ఒకడు తన మెడను ఎదుటివాడి చేతుల్లో పెడతాడు. తలకిందులుగా ఎత్తి కింద పడేసే దెబ్బలో పడేవాడి తల నేలకు కొన్ని అంగుళాల దూరంలో ఆగాలి. ఆ అంగుళాలు ఎత్తినవాడి చేతిలో ఉంటాయి. నా జాతిని పురుగులతో పోల్చినవాడికి నా వెన్నెముక ఎలా అప్పగించను అని ఒక నల్లజాతి రెజ్లర్ అడిగితే అది మనోభావాల సమస్య కాదు, పని చోట భద్రత సమస్య. సల్లివాన్‌కు పడిన జరిమానా కంపెనీ ఖాతాలో లెక్క సరిచేసి ఉండొచ్చు. డ్రెస్సింగ్ రూమ్‌లో లెక్క వేరు.

హొగన్‌కు పడిన అరుపులు

పాత తరం డబ్ల్యూడబ్ల్యూఈ పెద్ద స్టార్ హల్క్ హొగన్ మాటలు పోస్టులు కావు, అతనికి తెలియకుండా రికార్డైనవి. అందులోని జాతివివక్ష మాటలు 2015 జులైలో పత్రికలకెక్కగానే డబ్ల్యూడబ్ల్యూఈ కాంట్రాక్టు రద్దు చేసి, హాల్ ఆఫ్ ఫేమ్ నుంచి కూడా పేరు తీసేసింది. మూడేళ్లు ఆగి, 2018 జులైలో తిరిగి చేర్చుకుంది. కాగితాల ప్రకారం వ్యవహారం అక్కడితో ముగిసింది.

2025 జనవరి 6న డబ్ల్యూడబ్ల్యూఈ వారంవారం నడిపే ‘రా’ కార్యక్రమం నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైంది. లాస్ ఏంజెలెస్ పక్కనున్న ఇంగిల్‌వుడ్‌లో నిండిన స్టేడియం. హొగన్ తన పాత పాటతో, జెండాతో, బేబీఫేస్‌గానే నడిచొచ్చాడు. జనం ‘బూ’ అని అరిచి గోల చేశారు. హీల్‌కు ఆ గోలే జీతం, అది కోరి తెచ్చుకుంటాడు. ఆ రాత్రి హొగన్ హీల్ వేషంలో లేడు, ఆ గోల ఏ స్క్రిప్టులోనూ రాయలేదు. అతను ఆ ఏడాది జులైలో చనిపోయాడు.